తోకెముక దగ్గర గడ్డ: పైలోనిడల్ సైనస్‌కి చికిత్స, ఆపరేషన్ తర్వాత పుండు సంరక్షణ

పిరుదుల మధ్య చీలిక మొదలయ్యే చోట, తోకెముక మీదుగా గడ్డ లేచి, పగిలి, చీము కారి తగ్గిపోయి, నెలో రెండు నెలలో కాగానే మళ్లీ అదే చోట లేస్తోందా? అది మామూలు సెగ్గడ్డ కాదు. మొలలు అసలే కాదు, మొలలు మలద్వారం దగ్గరే ఉంటాయి. ఇది దానికి నాలుగైదు సెంటీమీటర్లు పైన ఉంటుంది. అద్దంలో కనపడదు కాబట్టి ఫోన్‌తో ఫొటో తీసి పెద్దది చేసి చూడండి. సరిగ్గా మధ్య గీత మీద సూదిమొనంత రంధ్రం ఒకటో రెండో ఉండి, వాటిలోంచి వెంట్రుకలు తొంగిచూస్తుంటే పైలోనిడల్ సైనస్, అంటే చర్మం కింద వెంట్రుకలు చేరి పడిన దారి, అయ్యే అవకాశమే ఎక్కువ. సిగ్గుపడి ఎవరికీ చూపించకుండా మెడికల్ షాపులో మొలల ఆయింట్‌మెంట్ అడిగి రాసుకుంటూ ఏడాది గడిపేసేవాళ్లు చాలామంది. చూపించాల్సింది జనరల్ సర్జన్‌కి. గోడల మీద పోస్టర్లు చూసి వెళ్లే మొలల క్లినిక్కులు దీనికి పనికిరావు.

వెంట్రుక ఎక్కడి నుంచి వస్తుంది

ఇది పుట్టుకతో వచ్చే తిత్తి అని ఒకప్పుడు అనుకునేవారు. రాలిన వెంట్రుక బయటి నుంచి చర్మంలోకి దూరడమే మూలమని ఇప్పుడు ఎక్కువమంది సర్జన్లు ఒప్పుకుంటున్నారు. వీపు మీదివి, తల మీదివి కూడా జారి ఆ చీలికలో చేరతాయి. కూర్చుని కదులుతుంటే పిరుదుల ఒరిపిడి వాటిని లోపలికి తోస్తుంది. వెంట్రుక మీది పొలుసులన్నీ ఒకే వైపు వాలి ఉంటాయి కాబట్టి లోపలికి వెళ్లినది వెనక్కి రాదు. చర్మం కింద దాని చుట్టూ చీము పడుతుంది, ఆ చీము పక్కకో పైకో దారి చేసుకుని ఇంకో రంధ్రంలోంచి బయటపడుతుంది. ఇదే జబ్బు క్షౌరవృత్తిలో ఉన్నవాళ్లకి వేళ్ల సందుల్లో వస్తుంది, అక్కడ దూరేది కస్టమర్ల వెంట్రుకే.

రెండో ప్రపంచ యుద్ధంలో అమెరికా సైనికులు వేల సంఖ్యలో దీనితో ఆసుపత్రి పాలైతే, జీపుల్లో గతుకుల మీద తిరగడం వల్లేనని దీనికి జీప్ జబ్బు అని పేరు పెట్టారు. ఇవాళ ఆ జీపు స్థానంలో బైకు, ఆటో సీటు, ఆఫీసు కుర్చీ, కోచింగ్ హాల్ బెంచీ ఉన్నాయి. ఎక్కువగా 15 నుంచి 35 ఏళ్ల మధ్య వస్తుంది. ఆడవాళ్లకంటే మగవాళ్లకి మూడు నాలుగు రెట్లు ఎక్కువ. ఒంటి మీద వెంట్రుకలు దట్టంగా ఉన్నవాళ్లకి, బరువు ఎక్కువున్నవాళ్లకి, చీలిక లోతుగా ఉన్నవాళ్లకి, ఇంట్లో ఎవరికైనా ఉన్నవాళ్లకి అవకాశం మరీ ఎక్కువ.

వెంట్రుక, చెమట తేమ, ఒరిపిడి, లోతైన చీలిక. కింద చెప్పే పనులన్నీ ఈ నాలుగింటి కోసమే.

ముందు మీది ఏ దశో తేల్చుకోండి

రంధ్రాలు ఉన్నాయి కానీ నొప్పి లేదు, చీము లేదు, ఎప్పుడూ వాచలేదు అంటే ఆపరేషన్ వద్దు. రోజూ స్నానంలో ఆ చీలికని సబ్బుతో కడిగి, తుడిచి పొడిగా ఉంచి, వెంట్రుకలు తీసేస్తూ ఉంటే చాలు. ఇబ్బంది లేని రంధ్రాలకి ముందుజాగ్రత్త పేరుతో పెద్ద ఆపరేషన్ చేస్తామంటే రెండో సర్జన్ని అడగండి.

ఒక్కసారిగా వాచి, ఎర్రబడి, కూర్చోలేనంత సలుపు, జ్వరం ఉంటే అది చీముగడ్డ. ఆ రోజే వెళ్లాలి. కోసి చీము తీయడం తప్ప దీనికి దారి లేదు. మందుల చీటీ లేకుండా యాంటీబయాటిక్ కొనుక్కుని మింగితే నాలుగు రోజులు ఉపశమనంగా ఉంటుంది గానీ, గోడ కట్టుకున్న చీములోకి మందు సరిగా చేరదు, లోపలి వెంట్రుక అలాగే ఉంటుంది. చుట్టూ చర్మం ఎర్రగా పాకుతున్నా, షుగర్ ఉన్నా, రోగనిరోధక శక్తి తక్కువున్నా కోతతో పాటు యాంటీబయాటిక్ ఇస్తారు. పిండొద్దు, సూదితో గుచ్చొద్దు, లోపలే పగిలి కొత్త దారులు పడతాయి. కోత మధ్య గీత మీద కాకుండా పక్కకి పెడితే త్వరగా మానుతుంది, ఈ మాట సర్జన్‌ని ముందే అడగొచ్చు. చీము తీసిన చాలామందికి అంతటితో సరిపోతుంది, మిగిలినవాళ్లకి మళ్లీ వస్తుంది. అందుకే అసలు ఆపరేషన్ అదే రోజు చేయించుకోకుండా, వాపు పూర్తిగా తగ్గే దాకా, అంటే ఆరు వారాల వరకు ఆగి నిర్ణయించుకోవడం మేలు.

గడ్డ మళ్లీ మళ్లీ లేస్తున్నా, లోదుస్తులకి రోజూ చీమో నెత్తురో అంటుతున్నా అది పాతబడిన సైనస్. ఆపరేషన్ గురించి మాట్లాడాల్సింది ఈ దశలోనే. దీనికి ఎమ్మారై సాధారణంగా అక్కర్లేదు. రంధ్రం మలద్వారానికి మరీ దగ్గరగా ఉండి భగందరం, అంటే ఫిస్టులా, అనే అనుమానం వస్తే మాత్రం తీయించాలి, ఎందుకంటే ఆ రెండింటికీ చేసే ఆపరేషన్లు వేరు.

ఏ ఆపరేషన్ అని అడిగి తెలుసుకోండి

"సైనస్ తీసేస్తాం" అన్నది పూర్తి సమాధానం కాదు. తీసేశాక ఆ గుంటని ఏం చేస్తారన్నదే అసలు ప్రశ్న.

ఒక పద్ధతి, గుంటని కుట్టకుండా వదిలేయడం. అది అడుగు నుంచి పైకి తనంతట తాను నిండుతుంది. తిరగబెట్టే అవకాశం మధ్య గీత మీద కుట్టు వేసినదానికన్నా తక్కువే, కానీ మానడానికి ఆరు నుంచి పన్నెండు వారాలు, ఒక్కోసారి ఇంకా ఎక్కువ పడుతుంది. రోజూ డ్రెస్సింగ్ చేసే మనిషి ఇంట్లో ఉండాలి. హాస్టల్లో ఒంటరిగా ఉండే విద్యార్థికి ఇది కష్టం.

రెండోది, సరిగ్గా మధ్య గీత మీద నిలువుగా కుట్టేయడం. చూడ్డానికి తేలిక, ఖర్చు తక్కువ, పది రోజుల్లో కుట్లు తీసేస్తారు. వద్దనాల్సింది దీన్నే. కుట్టు చీలిక అడుగున, చెమటా వెంట్రుకలూ చేరే చోట, లాగుడు ఎక్కువుండే చోట పడుతుంది. విచ్చుకోవడం, చీము పట్టడం, తిరగబెట్టడం మూడూ దీనిలోనే ఎక్కువ. పక్కకి వేసిన కుట్టే మేలని చాలా అధ్యయనాలని కలిపి చూసిన సమీక్షలు తేల్చాయి, అయినా ఇప్పటికీ చాలాచోట్ల నిలువు కుట్టే వేస్తున్నారు. "కుట్టు మధ్యలో వస్తుందా, పక్కకి వస్తుందా?" అని మొహమాటం లేకుండా అడగండి.

మూడోది ఫ్లాప్, అంటే పక్కనున్న చర్మాన్ని జరిపి గుంటని కప్పడం. కరిడాకిస్, లింబర్గ్, బాస్కమ్ క్లెఫ్ట్ లిఫ్ట్ అనేవి ఈ కోవలోవి. కుట్టుని పక్కకి జరపడంతో పాటు చీలిక లోతునే తగ్గిస్తాయి కాబట్టి వెంట్రుక దూరడానికి అనువు తగ్గుతుంది. గ్రీసు సర్జన్ కరిడాకిస్ 1992లో తన వేలాది ఆపరేషన్ల ఫలితాలు ప్రచురించినప్పుడు తిరగబెట్టింది వందకు ఒకరికి అటూ ఇటూ మాత్రమే. లింబర్గ్‌లో డైమండ్ ఆకారంలో కండ తీసి, పక్క పిరుదు నుంచి అదే ఆకారపు చర్మం, కొవ్వు తిప్పి కప్పుతారు. మచ్చ పెద్దగా ఉంటుంది, ఆ చర్మం కొన్ని నెలలు మొద్దుబారి ఉంటుంది. లింబర్గ్ ఫ్లాప్ కింది కొస మధ్య గీత మీదే పడితే అక్కడే మళ్లీ రంధ్రం పడే ప్రమాదం ఉంది, అందుకే ఆ కొసని సెంటీమీటరో రెండో పక్కకి జరిపే మార్పు చేసిన పద్ధతి మేలు.

రంధ్రాలు చిన్నవై, దారులు పక్కలకి పాకకుండా ఉంటే చిన్న పద్ధతులు చాలు. రంధ్రాలని మాత్రమే గుండ్రంగా తొలిచి వెంట్రుకలు తీసేసే పిట్ పికింగ్, దారిలోకి ఫినాల్ అనే, లోపలి పొరని కాల్చే రసాయనం వేయడం, సన్నటి కెమెరాతో లోపల శుభ్రం చేసి కాల్చే ఎప్సిట్, లేజర్ ఫైబర్‌తో దారిని మూసేసే సైలాక్. కొద్ది రోజుల్లోనే పనికి వెళ్లొచ్చు. పెద్ద ఆపరేషన్ కన్నా తిరగబెట్టే అవకాశం కాస్త ఎక్కువ, కానీ తిరగబెట్టినా మళ్లీ చేయించుకోవచ్చు, పెద్ద పుండు ఉండదు. "లేజర్" అన్న మాట దగ్గర జాగ్రత్త. సైనస్‌ని కాల్చే లేజర్ వేరు, వెంట్రుకలు తీసే లేజర్ వేరు. ప్రకటనల్లో రెండూ కలిసిపోతుంటాయి. నాలుగైదు రంధ్రాలు, అటూ ఇటూ పాకిన దారులు ఉన్నవాళ్లకి కూడా లేజర్‌తో ఒక్క రోజులో నయం అంటే నమ్మకండి.

క్షారసూత్రం గురించి చాలామంది అడుగుతారు. ఆకుజెముడు పాలు, ఉత్తరేణి క్షారం, పసుపు పూతలు పూసిన దారాన్ని దారిలో వేసి వారం వారం మారుస్తూ కోసుకుంటూ రావడం ఈ పద్ధతి. చేయించుకుంటే శల్యతంత్రంలో, అంటే ఆయుర్వేద శస్త్రచికిత్సలో, ఎం.ఎస్. చేసిన ఆయుర్వేద వైద్యుడి దగ్గరే చేయించుకోండి. ఆ తర్వాత పుండు సంరక్షణ, వెంట్రుకల జాగ్రత్త అన్నీ ఇక్కడ చెప్పినవే.

చేరే ముందు

సిగరెట్, బీడీ కనీసం నాలుగు వారాల ముందు ఆపాలి. పొగ చర్మానికి రక్తం అందనివ్వదు, ఫ్లాప్ అంచులు నల్లబడటానికి అదో పెద్ద కారణం. షుగర్ ఉంటే హెచ్‌బీఏ1సీ (మూడు నెలల సగటు షుగర్ పరీక్ష) చూపించి అదుపులోకి తెచ్చుకోండి. వెంట్రుకలు ఇంట్లో రేజర్‌తో గీసుకుని వెళ్లొద్దు, ఆ గాట్లలో క్రిములు చేరతాయి. ఆసుపత్రిలో ట్రిమ్మర్‌తో తీస్తారు. చాలా ఆరోగ్య బీమా పాలసీల్లో మొలలు, ఫిస్టులాలతో పాటు పైలోనిడల్ సైనస్‌కి కూడా రెండేళ్ల వెయిటింగ్ పీరియడ్ ఉంటుంది. క్యాష్‌లెస్ అనుకుని చేరాక తిరస్కరిస్తే చేతి నుంచి కట్టాల్సి వస్తుంది, పాలసీ కాగితం ముందే చదవండి. తీసిన కండని బయాప్సీకి పంపమని చెప్పండి, కారణం చివర్లో ఉంది.

కుట్టకుండా వదిలేసిన పుండు: రోజూ డ్రెస్సింగ్

ఇది ఇంట్లో ఎవరైనా నేర్చుకోగల పని. డిశ్చార్జికి ముందు నర్సు చేస్తుంటే పక్కన నిలబడి చూసి, మర్నాడు ఆమె ఎదుటే మీ ఇంటి మనిషి చేత ఒకసారి చేయించండి. మొదటిసారి ఆ గుంట చూసి భయపడనివాళ్లు ఉండరు. అరచేతిలో సగమంత ఉండొచ్చు. పుండు పెద్దగా ఉండటం సమస్య కాదు, అడుగు నిండకుండా పైన మూసుకుపోవడమే సమస్య.

కావలసినవి: స్టెరైల్ గాజ్ పొట్లాలు, పొడవాటి రిబ్బన్ గాజ్ ఒకటి, 100 మి.లీ. నార్మల్ సెలైన్ సీసాలు, గ్లవ్స్, గామ్‌జీ ప్యాడ్ (గాజ్ చుట్టిన మందపాటి దూది), మైక్రోపోర్ టేపు, చెత్తకి కవరు. పెద్ద సెలైన్ సీసా కొంటే తెరిచిన రోజు మిగిలింది మర్నాటికి దాచొద్దు. పుండు నీరు ఎక్కువ ఊరుతుంటే డాక్టర్ ఆల్జినేట్ (సముద్రపు నాచుతో చేసిన డ్రెస్సింగ్) రాస్తారు. అది ఖరీదే గానీ పీల్చుకుంటుంది, తీసేటప్పుడు అంటుకోదు, రోజు విడిచి రోజు మార్చినా సరిపోతుంది.

1. డ్రెస్సింగ్‌కి ముప్పావుగంట ముందు పారాసెటమాల్ 650 ఒకటి వేసుకోండి. రోజుకి నాలుగు దాటకూడదు, లివర్ జబ్బు ఉంటే డాక్టర్ని అడగండి. మలవిసర్జన అయ్యాక డ్రెస్సింగ్ పెట్టుకుంటే ఒకే కట్టుతో రోజు గడుస్తుంది, అందుకే పొద్దున్నే వేళ కుదుర్చుకోవడం మంచిది.

2. పాత గాజ్ ఎండి అంటుకుపోయి ఉంటే లాగొద్దు. సెలైన్‌తో తడిపి పది నిమిషాలు ఆగండి, లేదా షవర్ కింద తడిపి తీయండి. ఎండిన గాజ్‌ని పీకితే కొత్తగా పుట్టిన కండ కూడా దానితో ఊడొస్తుంది. ఎన్ని ముక్కలు పెట్టారో అన్నీ వచ్చాయా లెక్క చూసుకోండి. లోపల మరిచిపోయిన చిన్న గాజ్ ముక్క నెలల తరబడి పుండుని మాననివ్వకుండా చేయగలదు. అందుకే చిన్న చిన్న ముక్కలు కుక్కే బదులు ఒకటే పొడవాటి రిబ్బన్ వాడి, దాని కొస బయటికి వదలాలి.

3. హ్యాండ్ షవర్ తక్కువ వేగంతో పెట్టి, గోరువెచ్చటి నీళ్లు మూడు నాలుగు నిమిషాలు పుండులోకి పారనివ్వండి. తాగడానికి పనికొచ్చే నీళ్లయితే పుండుకీ పనికొస్తాయి. ట్యాంకు నీళ్ల మీదో బోరు నీళ్ల మీదో నమ్మకం లేకపోతే మరిగించి చల్లార్చినవి మగ్గుతో పోయండి. సబ్బు చుట్టూ చర్మానికే. డెటాల్, స్పిరిట్, హైడ్రోజన్ పెరాక్సైడ్ పుండులో పోయొద్దు. నురగ వస్తుంటే శుభ్రపడుతోందని తృప్తిగా ఉంటుంది గానీ, అవి కొత్త కణాలనీ చంపుతాయి. బెటాడిన్ కూడా డాక్టర్ చెప్పినన్ని రోజులే. పసుపు, కొబ్బరినూనె, ఆకుపసర్లు ఈ గుంటలో వేయొద్దు.

4. బోర్లా పడుకోండి, పొట్ట కింద దిండు పెట్టుకోండి. చేసేవాళ్లు చేతులు కడుక్కుని గ్లవ్స్ వేసుకుని, రెండు పిరుదులని మెల్లగా విడదీసి టార్చి వెలుతురులో అడుగు చూడాలి. ఎర్రగా, గరుకుగా కండ ఉంటే బాగా మానుతోందని అర్థం. అక్కడక్కడా పసుపు పొర ఉండటం మామూలే, అది చీము అని గీకొద్దు.

5. వెంట్రుకల కోసం వెతకాలి. కనిపించిన ప్రతి వెంట్రుకనీ పట్టకారుతో తీసేయాలి. ఒక్కటి మిగిలినా ఆ చోట మానదు.

6. ఎక్కడైనా రెండు అంచులు పైన అతుక్కుని కింద ఖాళీ మిగిలిందేమో చూడాలి. మలద్వారం వైపు కొసన ఇది ఎక్కువ. కొత్తగా అంటుకున్నదైతే గ్లవ్ వేసుకున్న వేలితో మెల్లగా విడిపోతుంది. గట్టిపడి ఉంటే మీరు లాగకుండా సర్జన్‌కి చూపించండి.

7. రిబ్బన్ గాజ్‌ని సెలైన్‌లో ముంచి పిండి, అడుగు దాకా, మూలల దాకా వదులుగా పరవండి. బిగించి కుక్కడమే ఇంట్లో అందరూ చేసే తప్పు. బిగిస్తే గోడలకి రక్తం అందదు, గుంట చిన్నదవదు, నొప్పీ ఎక్కువ. రెండు అంచులు ఒకదానికొకటి తగలకుండా అడ్డుగా ఉంటే చాలు. తడి గాజ్ చుట్టూ ఉన్న మంచి చర్మం మీదికి రాకూడదు, చర్మం తెల్లగా నాని ఊడిపోతుంది.

8. పైన పొడి గామ్‌జీ, దాని మీద టేపు. టేపు చర్మాన్ని ఒరిపేస్తుంటే మానేసి, బిగుతు లోదుస్తుకి శానిటరీ ప్యాడ్ అంటించుకోండి, మగవాళ్లయినా సరే. ఇంతకన్నా చవకైన, కదలని డ్రెస్సింగ్ దొరకదు.

ప్యాడ్ బయటిదాకా తడిస్తే రెండోసారి మార్చాలి. లోతు సెంటీమీటరు లోపుకి వచ్చాక లోపల గాజ్ పెట్టే పని ఉండదు, కడిగి పైన ప్యాడ్ వేస్తే సరిపోతుంది. కానీ ఎప్పుడు ఆపాలో సర్జన్ చూసి చెప్పాలి. గుంట మరీ పెద్దదైతే వ్యాక్ మిషన్ (పుండులోని నీటిని పీల్చేది) పెట్టొచ్చు, రెండు మూడు రోజులకోసారి మారిస్తే చాలు. అద్దె ఖర్చుని రోజూ డ్రెస్సింగ్‌కి అయ్యే ఖర్చుతో పోల్చి చూసుకోండి.

వారానికి ఒకసారి అదే వెలుతురులో, పక్కన స్కేలు పెట్టి ఫొటో తీసి తేదీతో దాచండి. రోజూ చూసే కంటికి తేడా తెలియదు. వరసగా రెండు మూడు వారాలు కొలత తగ్గకపోతే ఏదో అడ్డుపడుతున్నట్టే. కండ చర్మం మట్టం దాటి ఎర్రగా ఉబ్బి, తడిగా, తాకితే నెత్తురు వచ్చేలా ఉంటే అది అతిగా పెరిగిన కండ, దాని మీద చర్మం పాకలేదు. సర్జన్ సిల్వర్ నైట్రేట్ అద్దితే ఒకటి రెండు సార్లలో అణుగుతుంది.

ఫ్లాప్ వేయించుకున్నవాళ్లకి

ఇక్కడ ప్రమాదం లాగుడు, కింద చేరే నీరు. చాలామందికి పక్కన సన్నటి గొట్టం, దానికి నొక్కిన డబ్బా ఉంటాయి. రోజూ ఒకే వేళకి ఎన్ని మి.లీ. వచ్చిందో రాయండి. రోజుకి 20 నుంచి 30 మి.లీ. లోపుకి తగ్గాక తీస్తారు. డబ్బా ఉబ్బిపోయి గాలి నిండితే అది పీల్చడం లేదు, ఖాళీ చేసి నొక్కి మూత పెట్టాలి. ముందు రోజు 40 వచ్చి ఇవాళ ఒక్కసారిగా సున్నా అయితే సంబరపడొద్దు, గొట్టం మూసుకుపోయి ఉండొచ్చు, ఫోన్ చేయండి.

మొదటి రెండు వారాలు పక్కకి తిరిగి గానీ, బోర్లా గానీ పడుకోవాలి. పిరుదుల మీద బరువేసి కూర్చోవద్దు. కూర్చోక తప్పకపోతే తొడల మీద ముందుకి వంగి, పది నిమిషాలకి మించకుండా. మధ్యలో రంధ్రం ఉన్న గుండ్రటి గాలి దిండు ఈ ఆపరేషన్‌కి మంచిది కాదు, పిరుదులని రెండు వైపులకీ లాగి కుట్టు మీద ఒత్తిడి పెంచుతుంది. బాసింపట్టు వేసుకోవడం, గొంతుక్కూర్చోవడం రెండూ కుట్టుని విప్పదీసే భంగిమలే. కాబట్టి మూడు వారాలు ఇండియన్ టాయిలెట్ వద్దు. ఇంట్లో అదే ఉంటే మధ్యలో గుంట ఉన్న కమోడ్ కుర్చీ అద్దెకి తెచ్చి దాని మీద పెట్టుకోండి. బైకు, జిమ్, బరువులెత్తడం ఆరు వారాల తర్వాతే.

కుట్లు సాధారణంగా పది నుంచి పద్నాలుగు రోజులకి తీస్తారు. మలద్వారం వైపు కొసన అరసెంటీమీటరు విచ్చుకుని నీరు కారడం చాలామందికి జరుగుతుంది, రోజూ కడిగి పొడిగా ఉంచితే మానుతుంది. అంచు వంకాయరంగుకి మారి చల్లగా అనిపించినా, కుట్టు కింద నీళ్ల సంచిలా కదులుతున్నా అదే రోజు చూపించాలి.

టాయిలెట్, తిండి

పుండు మలద్వారానికి పైనే ఉంది. కాబట్టి కడిగిన నీళ్లు పుండు వైపు పారకుండా, హెల్త్ ఫాసెట్‌ని ముందు వైపు నుంచి పట్టుకుని, కాస్త నిటారుగా కూర్చుని కడగాలి. కట్టుకి మలం అంటితే "రేపు మార్చుకుందాం" అనొద్దు, అప్పుడే మార్చాలి. ట్రమడాల్ లాంటి నొప్పి మాత్రలు మలబద్ధకం తెస్తాయి, ముక్కితే కుట్టు లాగుతుంది. రాత్రి రెండు చెంచాల ఇసబ్గోల్ పెద్ద గ్లాసు నీళ్లతో, రోజుకి రెండున్నర లీటర్ల నీళ్లు. రెండు రోజులు మలం రాకపోతే విరేచనం సాఫీ చేసే లాక్టులోజ్ గురించి డాక్టర్ని అడగండి.

మన ఇళ్లలో ఆపరేషన్ అనగానే పథ్యం మొదలవుతుంది. పప్పు తింటే చీము పడుతుంది, వంకాయ, గుడ్డు, మాంసం పుండుకి పడవు అని కారప్పొడి అన్నం, చారు మాత్రం పెడతారు. దీనివల్ల పుండు మానడం ఆలస్యమవుతుంది. కొత్త కండ కట్టడానికి ప్రోటీన్ కావాలి, కిలో బరువుకి రోజుకి 1.2 నుంచి 1.5 గ్రాములు, అంటే 60 కిలోల మనిషికి 72 నుంచి 90 గ్రాములు. రెండు గుడ్లలో 12 గ్రాములు, వండిన 100 గ్రాముల కోడిమాంసంలో 25, గిన్నెడు ముద్దపప్పులో ఏడెనిమిది. శాకాహారులు పూటపూటా పప్పు, పెరుగు, పనీర్, సెనగలు, వేరుసెనగలు కలుపుకుంటే గానీ అంత రాదు. రోజూ ఒక జామకాయో నారింజో తినండి. కిడ్నీ జబ్బు ఉన్నవాళ్లకి ఈ లెక్క వర్తించదు. వాళ్లు తమ డాక్టర్ చెప్పినంతే.

వెంటనే ఆసుపత్రికి వెళ్లాల్సినవి

ఆపరేషన్ రోజు ఆరేడు గంటలు దాటినా మూత్రం రాకపోవడం (వెన్నుకి ఇచ్చే మత్తు తర్వాత జరుగుతుంది). జ్వరం 100.4 డిగ్రీలు దాటడం. తగ్గుతూ వచ్చిన నొప్పి మళ్లీ పెరగడం. ఎరుపు చుట్టూ పాకడం, కుళ్లు వాసన, చిక్కటి చీము. నెత్తురు ప్యాడ్‌ని తడిపేస్తుంటే బోర్లా పడుకుని, మడత గాజ్ పెట్టి అరచేత్తో గడియారం చూసి పది నిమిషాలు నొక్కి పట్టాలి, మధ్యలో ఎత్తి చూడకూడదు. అప్పటికీ ఆగకపోతే నొక్కి పట్టుకునే బయల్దేరండి.

మానాక కూడా వెంట్రుకల పని ఆగదు

పుండు ఉన్నన్నాళ్లూ చుట్టూ ఐదు సెంటీమీటర్ల మేర వారానికోసారి ట్రిమ్మర్‌తో తీయాలి. తీసేముందు పుండు మీద తడి గాజ్ కప్పండి. తీశాక టేపు ముక్క జిగట వైపు అద్ది తెగిన వెంట్రుకలని ఎత్తేసి, మళ్లీ షవర్‌తో కడగండి. ఈ రెండూ మానేస్తే తెగిన వెంట్రుకలే పుండులో పడతాయి, చేసిన పని ఎదురుతిరుగుతుంది. హెయిర్ రిమూవల్ క్రీములు పచ్చి పుండు దగ్గర వద్దు. రేజర్ కన్నా ట్రిమ్మరే మేలు. రేజర్‌తో దీర్ఘకాలం గీసుకున్నవాళ్లలో తిరగబెట్టడం ఎక్కువని చూపిన అధ్యయనాలున్నాయి.

పూర్తిగా మానాక వెంట్రుకలు తీసే లేజర్ గురించి ఆలోచించండి. అమెరికాలో 11 నుంచి 21 ఏళ్ల మధ్యవాళ్లు 302 మంది మీద చేసి 2023లో ప్రచురించిన పరిశోధనలో, మామూలు జాగ్రత్తలు మాత్రమే తీసుకున్నవాళ్లలో ఏడాదిలో సుమారు మూడో వంతు మందికి జబ్బు తిరగబెడితే, లేజర్ కూడా చేయించుకున్నవాళ్లలో అది పదో వంతు మందికే. మన చామనచాయ చర్మానికి డయోడ్ గానీ ఎన్‌డీ యాగ్ గానీ, ఈ రెండు రకాల లేజర్లలో ఒకటి అడగండి. నాలుగు నుంచి ఆరు వారాలకో సిట్టింగ్ చొప్పున ఐదారు పడతాయి.

క్షౌరం అయ్యాక నెత్తిన నీళ్లు పోసుకుంటే గానీ ఇంట్లోకి రానివ్వని పెద్దవాళ్ల పద్ధతి ఈ జబ్బుకి అచ్చంగా సరిపోతుంది. కత్తిరించిన చిట్టి వెంట్రుకల మొనలు వాడిగా ఉంటాయి, మెడ నుంచి వీపు మీదుగా జారి చీలికలో చేరతాయి. సెలూన్ నుంచి నేరుగా ఆఫీసుకి వెళ్లి సాయంత్రం దాకా కుర్చీలో కూర్చోవద్దు. కూర్చునే పనైతే గంటకోసారి లేచి నడవండి, నూలు లోదుస్తులు వేసుకోండి, స్నానం తర్వాత చీలికని తుడిచి ఆరనిచ్చాకే బట్టలు వేసుకోండి. పౌడర్ అక్కర్లేదు, చెమటతో ముద్దై అక్కడే నిలుస్తుంది.

మూడు నెలలు దాటినా మూసుకోని పుండుకి ఇంకో యాంటీబయాటిక్ కోర్సు పరిష్కారం కాదు. లోపల వెంట్రుకో గాజో మిగిలిందా, కిందికి వెళ్లిన దారి ఏదైనా వదిలేశారా, అసలు ఇది ఫిస్టులానా, పేగులకి సంబంధించిన క్రోన్స్ జబ్బా, మన దేశంలో కొట్టిపారేయలేని టీబీనా అని వరసగా చూడాలి. అంచు నుంచి కండ తీసి బయాప్సీకి, టీబీ పరీక్షకి పంపమని మీరే అడగండి. ఇరవై ఏళ్లకి పైగా నలుగుతున్న సైనస్‌లో చర్మ క్యాన్సర్ రావడం చాలా అరుదు, కానీ వస్తుంది. మొదటి ఆపరేషన్‌లో తీసిన కండని కూడా పరీక్షకి పంపమన్నది అందుకే. ఆ రిపోర్టు కాగితం డిశ్చార్జి ఫైల్లో ఉందో లేదో చూసుకోండి.